నలభై బిళ్లల వీపు

ఆ ఉదయం బేకరీ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది: ఏ పనీ చెయ్యకుండా రెండు రోజులు కూర్చోవడం. బుద్ధెరిగాక ఆయనకి చేతకాని పని అదొక్కటే.

అయిదు నెలలుగా ఆయన చేతులకి దురద. మామూలు దురదా అది! ఆయన పిసికిన పిండి కూడా గిన్నె అంచుకి ఒళ్లు రుద్దుకునేదని వీధిలో చెప్పుకునేవారు. చర్మవ్యాధుల ఆస్పత్రిలో బేకరీ పనివాళ్ల చేతుల మీద పరిశోధన చేస్తున్నారంటే వెళ్లాడు. డాక్టరమ్మ ఆయన వీపు మీద నలభై చిన్న బిళ్లలు వరసలుగా అంటించింది. ఒక్కో బిళ్ల కింద ఒక్కో పదార్థం: పిండి, ఈస్టు, దాల్చినచెక్క, చేతి తొడుగుల రబ్బరు, ఇంకా ఏవేవో. పక్కనే పెన్నుతో నంబర్లు వేసింది.

"రెండు రోజులు స్నానం వద్దు, చెమట పట్టకూడదు. ఏ బిళ్ల కింద ఎర్రబడితే అదే మీకు పడని వస్తువు."

"పిండి కింద ఎర్రబడితేనో?"

"ఇంక పిండి జోలికి పోకూడదు."

మాస్టారి గుండె, తొందరపడి ఓవెన్లోంచి తీసిన కేకులా కుంగిపోయింది. ముప్పై ఏళ్లుగా పిండి తప్ప మరో లోకం తెలియని మనిషి.

సరే, ఇంటి వెనక గదిలో చొక్కా లేకుండా, వీపుకి గాలి తగిలేలా కూర్చున్నాడు. ముందు గదిలో బేకరీని బావమరిదికి అప్పజెప్పాడు. కేకుల మీద పేర్లు రాయడంలో బావమరిది దిట్ట. ఓవెన్ సంగతి మాత్రం వాడికేమీ తెలియదు. అరగంట గడిచిందో లేదో మాడు వాసన.

"బావా! బన్నులు బొగ్గులైపోతున్నాయి!"

మాస్టారు వైద్యం మరిచి పరుగెత్తాడు. ఓవెన్ తలుపు తెరిచేసరికి వేడి మొహాన కొట్టింది. వీపు మీద చెమట వాగులై పారింది. బిళ్లల వరసలు ఊడి వేలాడాయి. ఒక వరసైతే ఏకంగా బన్నుల ట్రేలోకి దూకింది.

అప్పుడే భార్య, పూటపూటా ఆయన చేతులకి రాసే గులాబీ క్రీము అరచేతిలో వేసుకుని వస్తోంది.

"అయ్యో, మీ వీపు జారిపోతోందండీ!"

"వీపు కాదే, బిళ్లలు! ముందు అంటించు!"

ఆవిడ ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చి అరచేత్తో అదిమింది. ట్రేలోది కూడా తీసి అంటించింది.

"ఇది పైదా, కిందిదా?" అంది.

"అక్కా, నంబర్లు కూడా చెరిగిపోయాయి," అన్నాడు తమ్ముడు.

"చూస్తావేంట్రా, రాయి!" అని అరిచాడు మాస్టారు.

వాడికి చేతికందింది కేకుల మీద రాసే క్రీము గొట్టం. ఒకటి నుంచి నలభై దాకా మెలికలు తిప్పి రాశాడు. నాలుగు మూలలా పువ్వులు కూడా వేశాడు.

"పువ్వులెందుకురా?"

"చోటు మిగిలింది బావా."

సాయంత్రానికి చీమలకి కబురందింది. రెండో రోజంతా భార్య విసనకర్ర పట్టుకుని మొగుడి వీపుకి కాపలా కాసింది.

మూడో రోజు ముగ్గురూ ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరమ్మ చొక్కా ఎత్తి, మూలల్లో పువ్వులు లెక్కపెట్టింది.

"ఎవరి పుట్టినరోజు?" అంది.

మాస్టారు జరిగిందంతా కక్కేశాడు. "ఏది ఎక్కడుందో మాకే తెలీదమ్మా. ఏది ఎర్రబడినా, పిండి మాత్రం కాదని రాసెయ్యండి. మీకు పుణ్యముంటుంది!"

ఆవిడ ఒక్కొక్క వరసే తీసింది.

"ఏది ఎక్కడుంటే ఏమిటి? ఒక్క బిళ్ల కిందా ఎర్రబడలేదు," అంది. అంతలోనే ముందుకు వంగింది. "మరి ఇదేంటి? మిమ్మల్నెవరైనా కొట్టారా?"

వరసల పక్కన, ఎడమ భుజం కింద, అయిదు వేళ్లూ స్పష్టంగా ఎర్రగా తేలి ఉన్నాయి.

"ఆయన్ని కొట్టడమా!" అంటూ భార్య కంగారుగా దాని మీద చెయ్యి పెట్టింది. డబ్బాకి మూతలా సరిపోయింది.

"ఆ రోజు మీ చేతికి ఏముంది?"

"ఏముంటుందండీ, గులాబీ క్రీము. ఈయన చేతులు గరుకెక్కాయని ఆరు నెలల కిందట కొన్నాను. రెండు పూటలా నేనే రాస్తాను."

"దురద ఎన్నాళ్లుగా?"

"అయిదు నెల..." అని ఆగిపోయింది.

"బావా, అయితే నీకు పడనిది మా అక్కేనా!" అన్నాడు బావమరిది.

ఆవిడ కళ్లు నిండిపోయాయి. "ఇన్నాళ్లూ నేనేనా మిమ్మల్ని గోకించింది? ఆ వాసన పడదని ఒక్కసారైనా అనకూడదూ?"

"వాసన నాకూ నచ్చలేదే," అన్నాడు మాస్టారు నేలచూపులు చూస్తూ. "వద్దంటే నువ్వు చెయ్యి పట్టుకోవడం మానేస్తావని..."

డాక్టరమ్మ కాగితాల వైపు తిరిగి అక్కర్లేకపోయినా ఏదో వెతికింది. క్రీము ఆపమంది. పరీక్ష మళ్లీ పద్ధతిగా చేస్తానంది.

రెండు వారాల్లో చేతులు కొత్త పిండిలా మెత్తబడ్డాయి. రెండో పరీక్షలోనూ నలభై బిళ్లలూ నిర్దోషులే. కొత్తగా చేర్చిన గులాబీ క్రీము బిళ్ల కిందే ఎర్రబడింది. భార్య మాత్రం ఇప్పటికీ రెండు పూటలా వట్టి చేతులతోనే వచ్చి ఆయన చేతులు పట్టుకుని కూర్చుంటుంది.

పరిశోధన పుస్తకంలో, మొదటి పరీక్షనాడు తీసిన ఆయన వీపు ఫొటో కూడా వేశారు. నాలుగు మూలలా ఉన్న పువ్వులు ఏ జబ్బు లక్షణమో తేలక పెద్ద పెద్ద డాక్టర్లు ఇంకా వాదించుకుంటున్నారట.