కోళ్లగూటిలో సీనియారిటీ

మనిషి ఇంతవరకూ కనిపెట్టిన పాలనా వ్యవస్థలన్నీ ఒక ఎత్తు, కోళ్లగూటిలో అడ్డకర్ర మీద కూర్చునే వరస ఒక్కటీ ఒక ఎత్తు. దానికి సవరణలు లేవు, అప్పీలు లేదు. మంత్రులు మారినా మారదు. గోడవైపు వెచ్చటి చివర ఎవరిదో, తలుపువైపు గాలి కొట్టే చివర ఎవరిదో గూట్లో అందరికీ తెలుసు. తెలియనివారికి ముక్కుతో తెలియజేస్తారు.

ఈ సంగతి తెలియక దెబ్బతిన్నది సామాన్యులు కారు. నీటిపన్ను ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి కిందటి నెలే రిటైరైన పెద్దమనిషి. మెడలో దండతో, చంకలో గోడగడియారంతో ఇల్లు చేరారు. చేరాక గాని తెలియలేదు, ఇంట్లో తనకు పోస్టు లేదని. కిటికీ పక్క పడక్కుర్చీ అత్తగారిది. ఫ్యాను కింద కుర్చీ భార్యది. పేపరు ముందు అత్తగారికి, తరువాత భార్యకు, ఆ తరువాత కూరగాయల తొక్కల కిందికి వెళ్లేలోపు చేజిక్కితే ఆయనకు. (గోడగడియారానికి మాత్రం వెంటనే చోటు దొరికింది.) వంటింటి గుమ్మం దగ్గర ముక్కాలిపీట ఒకటి ఖాళీగా ఉంటే, తాత్కాలిక ప్రాతిపదికన దాని మీద చేరారు.

పెరట్లో భార్య పెంచే ఐదు పెట్టలున్నాయి. అన్నీ వయసుమళ్లినవే. గుడ్డు పెట్టడం కన్నా, పెట్టిన రోజులు తలుచుకోవడం మీద ఎక్కువ శ్రద్ధ చూపేవి. వాటి పై అధికారి పేరు దొరసాని. ఎర్రగా, బరువుగా, ఎవరినైనా ఒక కన్ను మూసి చూసే పెట్ట. సూపరింటెండెంటుగారు అంతా పరిశీలించి, గూట్లో సిబ్బంది కొరత ఉందని తేల్చి, ఎవరినీ అడక్కుండా కోళ్లఫారం నుంచి మూడు పడుచు పెట్టల్ని గంపలో తీసుకొచ్చారు.

"వీటిని ఎవరు తెమ్మన్నారండీ?" అంది భార్య.

"గుడ్లు తగ్గాయని నువ్వేగా అన్నావు."

"ఉప్పు అయిపోయిందని కూడా అన్నాను. ఉప్పు తెచ్చారా?" అని ఆవిడ గంపలోకి తొంగి చూసింది. "సరే, ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ గూట్లో కొట్లాట ఆగకపోతే, గంపతో సహా వెనక్కి."

ఈ మూడూ గూట్లో నిలదొక్కుకుంటే ఇంట్లో తన మాటా నిలబడుతుంది. లేదా, ఇక జన్మకి ముక్కాలిపీటే. ఈ సంగతి ఆయన పైకి అనలేదు.

మొదటి పని పద్ధతి ప్రకారమే చేశారు. ఆఫీసు తెరిచే వేళకు, పట్టపగలు, పాతవాళ్లంతా హాజరై ఉండగా కొత్తవారిని గంపలోంచి దింపారు. "వీరు ఈ రోజు నుంచి మీతో కలిసి..." అనేలోపే దొరసాని ఒకదాని మెడ మీద ఉంది. మిగతా నలుగురూ మిగతా రెండింటిని పంచుకున్నారు. స్వాగతోపన్యాసం అక్కడితో ముగిసింది.

దరిమిలా ఆయన తనను తాను సర్దుబాటు కమిషనరుగా నియమించుకున్నారు. మధ్యన వల కట్టి, ఒకరినొకరు చూసుకోవచ్చు గాని ముట్టుకోరాదని ఆదేశించారు. మేత రెండు చోట్ల వేయించారు. పొడవదలచినవారు ముందుగా కారణం తెలియజేయాలి. ప్రొబేషను ముగియనివారిని మెడ మీద పొడవరాదు. (తోక విషయంలో నిబంధనలు మౌనం వహించాయి.) దొరసాని అంతా విని, దుమ్ములో పొర్లడానికి వెళ్లింది.

"అల్లుడుగారూ, కోళ్లకి కాలింగ్ బెల్లు కూడా పెట్టిస్తారా?" అని కిటికీలోంచి అత్తగారు అడిగారు.

"అవసరాన్ని బట్టి చూద్దామండీ," అన్నారాయన.

శనివారం వల తీశారు. సాయంత్రం పడుచు పెట్టలు మూడూ కర్ర ఎక్కాయి. దొరసాని గోడవైపు నుంచి తలుపువైపు దాకా కర్ర పొడుగునా నడిచి, ఒక్కొక్కదాన్నే పొడిచి దించి, మళ్లీ తన చోటికి వెళ్లి కూర్చుంది. అంత శ్రద్ధగా తనిఖీ చేసిన అధికారిని ఆయన తన సర్వీసులో చూడలేదు. అన్నిటికన్నా చిన్నది, మెడ మీద ఈకలు ఊడి చర్మం కనబడుతున్నది, వెళ్లి నీళ్లతొట్టి వెనక నక్కింది.

"రేపే ఆదివారం," అంది భార్య.

"తెలుసు."

"గంప కడిగి ఆరబెట్టాను."

గంప మాట వినగానే ఆయనకు ఆఫీసు మారిన రోజులు గుర్తొచ్చాయి. పాత భవనం నుంచి కొత్త భవనానికి సామానంతా గంపల్లోనే వెళ్లింది. అక్కడ ఎవరి బల్ల ఎక్కడో తేలక, అందరినీ అదిలించే హెడ్‌క్లర్కు చాన్నాళ్లు మెట్ల దగ్గర నిలబడి, జవానును 'ఏమండీ' అని పిలిచాడు. పెద్దరికం మనిషిలో ఉండదు, బల్లలో ఉంటుందని ఆయనకు అప్పుడే అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం కోళ్లన్నీ పెరట్లో తిరుగుతుండగా గూడంతా విప్పారు. కర్రను ఈ గోడ నుంచి ఆ గోడకి మార్చారు. గుడ్లు పెట్టే డబ్బాలను అటువి ఇటు తిప్పారు. పనిలో పనిగా సున్నం కొట్టారు. పొద్దుగూకుతుండగా కోళ్లు వచ్చాయి. దొరసాని గుమ్మంలో ఆగింది. ఒక కన్ను మూసి చూసింది. ఆ కన్ను తెరిచి, రెండోది మూసి చూసింది. తన చివర ఏదో తేలలేదు. అది తేలేలోపు చిన్నది ఎక్కి నడిమధ్య కూర్చుంది. వెనకే మిగతావీ ఎక్కాయి. ఆఖరికి దొరసాని, మిగిలిన చోట, చిన్నదాని పక్కనే సర్దుకుంది.

గంప పట్టుకొచ్చిన భార్య చాలాసేపు చూసింది.

"ఉండనివ్వండి," అంది.

రిటైరయ్యాక ఆయనకు ఆ ఇంట్లో దొరికిన మొదటి మంజూరు అది.

గెలుపు మనిషిని ఊరుకోనివ్వదు. మర్నాడు తల్లీకూతుళ్లు బజారుకు వెళ్లగానే ఆయన అదే సంస్కరణను ముందుగదిలో అమలు చేశారు. పడక్కుర్చీ ఫ్యాను కిందికి వెళ్లింది. భార్య కుర్చీ తలుపు పక్కకు వచ్చింది. ముక్కాలిపీట అటక ఎక్కింది. కిటికీ పక్కన భోజనాల బల్ల తాలూకు కుర్చీ ఒకటి వేసుకుని, మడత నలగని పేపరు విప్పి కూర్చున్నారు.

అత్తగారు గుమ్మంలో ఆగారు. దొరసాని కూడా ఇలాగే ఆగిందని ఆయన ధైర్యం తెచ్చుకున్నారు. ఆవిడ కుర్చీలకేసి చూడనేలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి నడిచొచ్చి, ఆయన ముందు నిలబడ్డారు. 

ఆయన లేచారు. ఆవిడ కూర్చుని చెయ్యి చాపారు. పేపరిచ్చారు.

"పీట ఏదండీ?" అంది భార్య, సంచీ దించుతూ.

"అటక మీద."

"దించుకోండి మరి. ఎక్కడ కూర్చుంటారు?"

దించుకున్నారు. దాన్ని పట్టుకుని పెరట్లోకి నడిచి, గూటి పక్క నీడలో వేసుకున్నారు. ఆ నీడలో దుమ్ము కప్పుకుని పడుకున్న దొరసాని ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసింది. చూసి, కాస్త పక్కకు జరిగింది.