ఒకటి వదిలి ఒకటి

ఆ మధ్య కుర్చీ మాత్రం వద్దు, ఇటు వచ్చి కూర్చోండి. ఎందుకంటారా? చెబుతాను గానీ నవ్వనని ఒట్టెయ్యాలి. కాఫీ కప్పులు కూడా కింద పెట్టండి, పొలమారితే నా పూచీ లేదు.

మా మామగారు తెలుసుగా, బళ్లో లెక్కల మాస్టారు. పిల్లలు ఆయనకి ‘నిశ్శబ్దం మాస్టారు’ అని పేరు పెట్టారు. ఆయన గదిలోకి వస్తే తిరిగే ఫ్యాను కూడా చప్పుడు చెయ్యడానికి జంకేది. ఆయన ఉన్నన్నాళ్లూ నేను ఆయన ఎదుట కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు. పోయాక ఫొటో ఎదుట కూడా కాళ్లు చాపడం లేదు.

ఆయన గొంతు ఉన్న టేపు ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. మా ఆవిడ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం పూర్తయిందో లేదో, టేపు పుటుక్కున తెగింది. అంటే ఇక ఆ గొంతు ఈ లోకంలో ఉన్నది బల్ల కిందున్న ఈ పెట్టెలోనే. ఆవిడ రోజూ దీని ముందు కూర్చుని గరగరలు తీసేది. అంతా శుభ్రం చేశాకే నాకు వినిపిస్తానంది.

కంప్యూటరేమో నత్తనడక. మెప్పు కొట్టేద్దామని నేను కొత్త ర్యామ్ పలకలు రెండు తెచ్చాను. ర్యామ్ అంటే పని నడుస్తున్నంతసేపు కంప్యూటర్ విషయాలు గుర్తుపెట్టుకునే చోటు. డబ్బా మీద ఆరువేల వేగం అని కొట్టొచ్చినట్టు రాసి ఉంది. బిగించేటప్పుడు మా ఆవిడ టార్చి పట్టుకుంది.

“పలకలు గుచ్చడానికి నాలుగు స్లాట్లున్నాయి. ఒకటి వదిలి ఒకటి పెట్టమని కంప్యూటర్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఉందండీ.”

“పుస్తకాలు చదివేవాళ్లు వేరు, పని చేసేవాళ్లు వేరు. మొగుడూ పెళ్లాల్లా పక్కపక్కన ఉంటేనే కలిసి పనిచేస్తాయి.”

“మనం పక్కపక్కనే ఉన్నాంగా, ఏం కలిసి చేశాం?”

ఆ ప్రశ్న నేను వినలేదు. వినకపోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

పెట్టి చూస్తే వేగం నాలుగువేల ఎనిమిదొందలు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆరువేలకు మార్చాను. తెర నల్లబడింది. ఫ్యాను గిర్రున తిరిగి ఆగింది. ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. చాలాసేపటికి వెలుగు వచ్చింది. చూస్తే మళ్లీ నాలుగువేల ఎనిమిదొందలే! మళ్లీ మార్చాను, మళ్లీ అదే తంతు. లోపల ఎవరో కూర్చుని నేను రాసింది రాసినట్టు చెరిపేస్తున్నారనిపించింది.

“ఇక వదిలెయ్యండి, స్క్రూడ్రైవర్ స్వామీ! అందులో నాన్న గొంతుంది.”

“ఆ గొంతు కోసమేగా నా తాపత్రయమంతా!”

మర్నాడు ఆవిడ బజారుకని బయల్దేరింది. బయట మబ్బు పట్టి ఇల్లంతా బూడిదరంగుగా ఉంది. గుట్టుగా ఇంకోసారి ఆరువేలు పెట్టాను. తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. ఈసారి మళ్లీ తిరగలేదు. మీట నొక్కాను. ఊహూఁ. ఇంకోసారి నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నా ప్రాణం ఉసూరుమంది. టేపు తెగింది, ఇప్పుడు పెట్టె కూడా పోయింది. తండ్రి గొంతును శాశ్వతంగా మింగేసిన మొగుణ్ణి ఏ పెళ్లాం క్షమిస్తుంది? నన్ను నేనే క్షమించుకోలేను. నల్లటి తెరలో నా మొహం నాకే ఎవరిదోలా కనిపించింది.

అప్పుడు స్పీకర్లు గరగరమన్నాయి.

“ఎవరది? చేతులు బల్ల మీద పెట్టు.”

పెట్టాను. పెట్టకేం చేస్తాను, అది మామగారి గొంతు!

“పక్కపక్కన ఎవరు కూర్చోమన్నారు? లేవండి. ఒకటి వదిలి ఒకటి.”

ముందు నేనే లేచి నిలబడ్డాను. కాసేపు గరగర. ఆ తర్వాత మెల్లగా, దగ్గరగా, “అల్లుడుగారూ, మిమ్మల్నే” అని వినిపించింది.

ప్లగ్గు పీకి, పలకలు తీసి, ఒకటి వదిలి ఒకటి పెట్టి, ప్లగ్గు మళ్లీ గుచ్చాను. మీట నొక్కాను. చీకటి... చీకటి... వెలుగు! ఆరువేలు! గొంతు ఫైలు ఉన్నచోటే ఉంది. సిగ్గెందుకు, ఏడ్చేశాను.

పడగ్గదిలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. బజారుకెళ్లిన మహాతల్లి చేతిలో ఫోన్‌తో బయటికొచ్చింది.

“బళ్లో పరీక్షకి ముందురోజు పిల్లల్ని ఎలా అదిలించాలో నాన్న ఇంట్లో టేప్‌రికార్డర్ ముందు సాధన చేసేవారు. ఇది అదే. మీరు స్క్రూడ్రైవర్ పట్టుకున్నరోజే ఫోన్‌లోకి కూడా ఎక్కించుకున్నాను. ఈ స్పీకర్లు ఫోన్‌తో కూడా పలుకుతాయి. నేను చెబితే వినరు, నాన్న చెబితే లేచి నిలబడతారు!”

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“అంతా బాగానే ఉంది గానీ, చివర్న అల్లుడుగారూ అని పిలిపించడమెందుకే? గుండె ఆగిపోయింది.”

ఆవిడ నవ్వు ఆగింది. “అలా ఎక్కడుంది? ఇది నేను మూడో క్లాసులో ఉన్నప్పటి టేపు. అప్పటికి మీరెవరో ఆయనకేం తెలుసు?”

మళ్లీ పెట్టింది. ఇద్దరం చెవులు ఒగ్గి విన్నాం. ‘ఒకటి వదిలి ఒకటి’ తర్వాత ఉన్నది ఒట్టి గరగరే.

ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టింది. తర్వాత చిన్నపిల్లలా అడిగింది. “కోపంగా పిలిచారా?”

“లేదు. ప్రేమగానే పిలిచారు.”

“నన్ను అడగలేదా?”

“అడిగారు” అన్నాను.

“అబద్ధం. పరీక్ష జరుగుతుంటే మా నాన్న ఎవరి గురించీ అడగరు” అంటూ కళ్లు తుడుచుకుంది.

ఆ గరగర మాత్రం ఆవిడ తీసెయ్యలేదు. రోజూ సాయంత్రం పెట్టుకుని వింటాం, చేతులు బల్ల మీద పెట్టుకుని. నేను ఈ చివర కూర్చుంటాను, ఆవిడ ఆ చివర. మధ్య కుర్చీ వదిలేస్తాం.

అందుకే చెప్పాను, ఇటు వచ్చి కూర్చోండని.