ఏడో రోజు దాటిన గొంతు

“గొంతు భద్రం బిడ్డా. మొన్న పక్కింటి సరళ నవ్వు రైల్లనే జారగొట్టుకున్నది, ఇంకా దొరకలే” అని మణెమ్మ గుమ్మంలో నిలబడి కూతురికి చెప్పింది. నవనీత చెప్పులేసుకుంటూ “ఊఁ” అంది. ఆ సాయంత్రమే, 6.12 లోకల్ ఆడవాళ్ల పెట్టెలో, నవనీత గొంతు జారిపోయింది.

ఒకరు నిలబడే చోట తొమ్మిది మంది నిలబడితే ఏదో ఒకటి జారకుండా ఉండదు. వంగి తీసుకుందామంటే వంగడానికి చోటుండదు. అందుకే ప్రయాణికులు తమ గొంతులకు తామే బాధ్యులని ప్రతి పెట్టెలోనూ బోర్డు రాయించి పెట్టారు.

నవనీత ఇంటికొచ్చి చీటీ మీద “గొంతు పోయింది. ఆకలైతుంది” అని రాసిచ్చింది. మణెమ్మ నోరు తెరిపించి చూసింది, మిరియాల పాలు తాగించింది, దిష్టి తీసింది. మర్నాడు నవనీత మామూలుగానే ఆఫీసుకు వెళ్లింది. కాంట్రాక్టు ఉద్యోగం, మానడానికి లేదు. అక్కడ ఆమె మాట్లాడటం లేదని ఎవరూ గమనించలేదు. నెలాఖరు నివేదికలో మాత్రం మేనేజరు “వినయం మెరుగుపడింది” అని రాశాడు.

మణెమ్మ గుండ్లబావి స్టేషన్‌లో దొరికిన వస్తువుల కౌంటరుకు వెళ్లింది. అక్కడ దశరథం అనే గుమాస్తా ఉన్నాడు. విడిగా డబ్బాలు మంజూరు కాకపోవడంతో, జనం రైల్లో మరిచిపోయిన టిఫిన్ బాక్సుల్లోనే గొంతులను భద్రపరుస్తున్నాడు.

“గొంతు గలామె స్వయంగ వచ్చి నోటితోని అడగాలెనమ్మా” అన్నాడు.

“నోట్ల మాట ఉంటే మీ దాంక ఎందుకొస్తది సారూ?”

“అందుకే తల్లి అడగొచ్చని ఇంకో రూలున్నది. మీ బిడ్డ ఇంట్ల ఏం మాట్లాడుతది? దాన్ని బట్టే గుర్తుపట్టేది.”

మణెమ్మ చాలాసేపు ఆలోచించింది. “పొద్దున ఊఁ అంటది. వచ్చినంక ఊఁ అంటది.”

“ఇంకా?”

“ఆదివారం ఊఁహూఁ అంటది.”

దశరథం రాసుకున్నాడు. “ఊఁ అనేటియి రెండు వందల పద్నాలుగున్నయమ్మా. ఏడు రోజుల్ల ఎవ్వరూ గుర్తుపట్టకపోతే, గొంతు అనౌన్సుమెంటుకు పోతది.”

మణెమ్మ బయట ప్లాట్‌ఫారం స్తంభానికి బిగించిన స్పీకరు వైపు చూసింది. స్తంభం మీద ఎండకు, వానకు ఆ గొంతు ఏమైపోతుంది? చల్లగాలి పడితేనే దగ్గే పిల్ల. ఆరు రోజులు వరుసగా వెళ్లి బాక్సులు తెరిపించింది. కొన్ని “జర జరుగుండ్రి” అన్నాయి. ఒకటి “దిగేటోళ్లున్నరా” అని అడిగింది. మిగతావన్నీ ఊఁ. ప్రతి ఊఁ నవనీతదే అనిపించింది, ఏదీ కాదనీ అనిపించింది. పోనీ ఒకటి తీసుకుపోదామంటే దశరథం ఒప్పుకోలేదు. కిందటి నెల ఒకామె అందాజాగా తీసుకెళ్తే, ఇప్పుడామెను కన్నకూతురే అత్తమ్మా అని పిలుస్తోందట.

ఏడో రోజు దాటిపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున మణెమ్మ కూతుర్ని రైలెక్కించడానికి వెళ్లినప్పుడు రెండో ప్లాట్‌ఫారం స్తంభం మీంచి “దయచేసి వినండి” అని వినిపించింది. మణెమ్మ ఠక్కున ఆగిపోయింది. ఏడో తరగతిలో జెండా పండుగనాడు ఉపన్యాసం చెప్పాక, నవనీత ఇంత పొడుగు మాట మాట్లాడటం ఆమె మళ్లీ వినలేదు. కౌంటరుకు పరుగెత్తింది.

“ఇప్పుడు గుర్తుపడితే ఏం లాభమమ్మా, పోస్టింగ్ అయిపోయింది” అన్నాడు దశరథం.

మణెమ్మ కళ్లు తుడుచుకుంది. గొంతు తగ్గించి, “పర్మనెంటేనా సారూ?” అని అడిగింది.

“పర్మనెంటే.”

ఆమెకు కొంచెం ఊపిరాడింది. మూడేళ్లుగా కూతురికి రానిది గొంతుకైనా వచ్చింది.

అప్పటినుంచి మణెమ్మ సాయంత్రాలు ఆ స్తంభం కింది బెంచీ మీదే కూర్చుంటోంది. గొంతుకు జలుబు చేయకుండా స్పీకరు చుట్టూ మఫ్లరు కట్టించమని అర్జీ పెట్టింది. అది పరిశీలనలో ఉంది. 6.12 రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యం. రైలు దిగిన నవనీత తల్లి పక్కన కూర్చుని ఫోను చూసుకుంటుంది. మణెమ్మ ఒకసారి పక్కకు, ఒకసారి పైకి చూసి, రోజూ అడిగే మాటే అడుగుతుంది.

“తిన్నవా బిడ్డా?”

నిన్న కూడా అడిగింది. పక్కన నవనీత తలెత్తలేదు. పైన స్పీకరు గరగరలాడి ఊరుకుంది. ఒక రైలు వచ్చి వెళ్లింది. ఇంకొకటి వచ్చి వెళ్లింది. మణెమ్మ లేచి సంచి భుజాన వేసుకుంటుండగా స్తంభం మీంచి జవాబు వచ్చింది.

“తిన్ననే అమ్మా. నువ్వు తిన్నవా? ఆలస్యానికి చింతిస్తున్నాము.”