అతుకు కనపడని కుటుంబం

ఈ రోజుల్లో కుటుంబాలు ముక్కలైపోకుండా కాపాడుతున్నది ఎవరనుకుంటున్నారు? పెద్దమనుషులా? వాళ్ళ మాట వాళ్ళ పిల్లలే వినడం లేదు. కోర్టులా? అక్కడికి వెళ్ళేదే ముక్కలు చేయించుకోవడానికి! కాపాడుతున్నది నేను. పెళ్ళిళ్ళకీ, పాస్‌పోర్టు సైజులకీ ఫోటోలు తీసుకుని బతికే నేను. ఇంకా నిజం చెప్పాలంటే నేనూ, నా కంప్యూటరూ, ఒక చోట ఉన్న మనిషిని కత్తిరించి ఇంకో చోట అతికించే ఆ సాఫ్ట్‌వేరూ!

నవ్వకండి. ఏడో క్లాసులోనే బడికి దండం పెట్టి బయటికొచ్చినవాణ్ణి, నాకు పెద్ద పెద్ద మాటలు రావు. కానీ ఇరవై తొమ్మిదేళ్ళుగా జనాన్ని ఒంటి కంటితో చూస్తున్నాను. రెండు కళ్ళతో చూసే మీకంటే నాకు కాస్త ఎక్కువే కనపడుతుంది.

రీలు రోజుల్లో గ్రూప్ ఫోటో అంటే ఏమిటో మీకు తెలుసా? చాకిరీ! నలభై మందిని స్టేజీ ఎక్కించాలి. ముప్పై తొమ్మిది మంది నిలబడ్డాక పెళ్ళికొడుకు మేనమామ బాత్రూంలో ఉన్నాడని తెలిసేది. ఆయన వచ్చేదాకా అందరూ అలాగే నిలబడాలి. ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోనివాళ్ళు కూడా ఒకరి చెమట ఒకరికి అంటుకునేలా ఇరుక్కుని నిలబడాలి. వెనకనుంచి ఎవడో ఒక జోకు వేస్తాడు. నవ్వకూడదనుకున్నవాడు కూడా నవ్వేస్తాడు. ఎంత అనాగరికం! మనిషికి తన కోపం తాను పెట్టుకునే స్వేచ్ఛ కూడా లేని కాలం అది.

ఇప్పుడో? మేనమామ తీరిగ్గా రావచ్చు. అసలు రాకపోయినా పర్వాలేదు. పాత ఫోటో ఒకటి పంపిస్తే రెండో వరసలో నిలబెడతాను, ఆయన జన్మలో కట్టని టై కూడా కట్టి. మొన్న ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి కళ్ళు మూడో ఫోటోలోవి, నవ్వు పదకొండో ఫోటోలోది, జుట్టు అంతకు ముందు రోజుది. ఆ పిల్ల ఏ క్షణంలోనూ అచ్చంగా అలా లేదు. అయితేనేం? అత్తగారు ఆల్బమ్ చూసి, "మా కోడలు కోడలిలా ఉంది" అని మురిసిపోయింది. ఎదురుగా నిలబడ్డ కోడలిని చూసి ఆవిడ ఆ మాట అనడం నేనైతే వినలేదు.

ఇంకో పెళ్ళి సంగతి వినండి. ఫోటోకి తనని పేరు పెట్టి పిలవలేదని పెళ్ళికొడుకు పెద్దత్త అలిగింది. మర్నాడు ఫోను: "పెద్దత్తని తీసెయ్యండి." తీసేశాను. వారం తర్వాత: "పెద్దత్త మాట్లాడింది. పెట్టెయ్యండి." పెట్టాను. ఇంకో వారానికి మళ్ళీ "తీసెయ్యండి." ఇప్పుడు నా కంప్యూటర్లో ఆ పెళ్ళికి మూడు ఫైళ్ళున్నాయి. "పెద్దత్త ఉన్నది", "పెద్దత్త లేనిది", "పెద్దత్త ఉంది గానీ వెనకాల". ఏ వారం ఏది కావాలంటే అది ప్రింటు. ఆలోచించండి, రీలు రోజుల్లో ఈ సౌకర్యం ఉందా? అప్పుడు పెద్దత్తతో సర్దుకుపోవడం తప్ప వేరే దారి ఉండేది కాదు పాపం!

ఒకసారి మాత్రం చిన్న పొరపాటు జరిగింది, దాచుకోను. ఒకాయన పెద్దల్లుడితో మాటలు మానేశాడు. కుటుంబం ఫోటోలోంచి ఆ అల్లుణ్ణి తీసెయ్యమన్నారు. అల్లుణ్ణి తీశాను గానీ, మామగారి భుజం మీద వేసిన అల్లుడి చెయ్యి ఉండిపోయింది. ఆల్బమ్ ఇచ్చి రెండేళ్ళయింది. ఆ చెయ్యి ఎవరిదని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఎవరో ఒకరు ఆసరాగా ఉన్నారు కదా అని మామగారు కూడా నిశ్చింతగా ఉన్నట్టున్నాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఉచితంగా ఒక సలహా. స్టూడియోలో లైటు కదపకండి, కుర్చీ కదపకండి. నిలబడాల్సిన చోట నేల మీద టేపు ముక్క అంటించండి. ఎందుకంటే ఈ రోజు వచ్చిన అన్నకీ, పై వారం వచ్చే తమ్ముడికీ నీడ ఒకే వైపు పడాలి. మనసులు చెరో వైపు పడ్డా ఫోటోలో కనపడవు. నీడ అడ్డంగా పడితే మాత్రం పట్టుబడిపోతాం!

ఇక నా గొప్పతనం గురించి ఇంకా అనుమానం ఉన్నవాళ్ళ కోసం ఒక కేసు చెబుతాను.

కుట్టు మిషన్ తొక్కి ఇద్దరు కొడుకుల్ని పెంచిన ఒక టైలరమ్మ మా స్టూడియోకి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే అంది, "ఇద్దరు కొడుకులతో నాకొక ఫోటో కావాలి నాయనా. గోడకి మేకు కొట్టించి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు దానికి గొడుగు తగిలిస్తున్నాను."

"ఎనిమిదేళ్ళు ఎందుకాగారమ్మా?"

"వాళ్ళకి మాటల్లేవు. స్కూటరు మీద తగువు. పెద్దాడిది చిన్నాడు తీసుకెళ్ళి సొట్ట పెట్టి తెచ్చాడు. పెద్దాడు నోరు జారాడు. ఆ స్కూటరు తుక్కు కింద పోయి కూడా అయిదేళ్ళయింది. వీళ్ళిద్దరూ మాత్రం ఇంకా దాని మీదే తిరుగుతున్నారు."

నేను ధైర్యం చెప్పాను. "మీరేం దిగులు పడకండమ్మా. వాళ్ళు కలవక్కర్లేదు. పెద్దాయన్ని పదింటికి పంపండి, చిన్నాయన్ని పదకొండింటికి. మీరు కుర్చీలోంచి లేవకుండా కూర్చోండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"కలవక్కర్లేదా?" అంది.

"అస్సలక్కర్లేదు!"

ఆవిడ ఎందుకో నా వైపు అదోలా చూసి, తల ఊపి వెళ్ళింది.

అనుకున్న రోజు వచ్చింది. ఆవిడ పదింటికల్లా కుర్చీలో కూర్చుంది. పెద్దకొడుకు పార్కింగ్ దొరకలేదని తిట్టుకుంటూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. వెనకనుంచి నేల మీదికి పరుచుకునేలా బూడిదరంగు పేపరు దించి, ఆయన్ని టేపు ముక్క మీద నిలబెట్టి కెమెరా సరిచేస్తున్నాను. తలుపు తెరుచుకుంది. చిన్నకొడుకు! అప్పటికి పదిన్నరే అయింది.

పెద్దాయన నా మీద విరుచుకుపడ్డాడు. "ఏమయ్యా, పదకొండన్నావు?"

చిన్నాయన కూడా నన్నే అడిగాడు. "ఆయనింకా వెళ్ళలేదేంటండీ?"

మధ్యలో నేనేదో పోస్టాఫీసైనట్టు ఇద్దరూ ఉత్తరాలు నాకే వేస్తున్నారు. తల్లి మాత్రం ఎవరినీ చూడలేదు. ఒళ్ళో ఉన్న సంచి పిడి పట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చుంది. ఇద్దరిలో ఒకరైనా విసురుగా బయటికి పోతారనుకున్నాను. పోలేదు. అమ్మ కూర్చుని ఉందిగా మరి, ఎవరు ముందు పోతారు?

చివరికి చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "కాలరు లోపలికి మడతపడింది. ఫోటోలో బాగోదు. ఆయనకి చెప్పండి."

నేను చెప్పేలోగా పెద్దాయన కాలరు తడుముకున్నాడు, మడతలేని వైపు.

"అటు కాదు, ఇటు," అన్నాడు చిన్నాయన.

గమనించారా? ఈ మాట నాకు చెప్పలేదు. నేరుగా అన్నకే చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా బూడిదరంగు పేపరు మీదికి ఒక అడుగు వేసి చెయ్యి చాపాడు. టైలరమ్మ కొడుకు కదా, మడత కనపడితే చెయ్యి ఊరుకోదేమో! ఇంకా విచిత్రం, పెద్దాయన వెనక్కి జరగలేదు. చిన్నప్పుడు బడికి వెళ్ళే ముందు నిలబడే పిల్లాడిలా మెడ కాస్త పక్కకి వంచాడు. ఆ వేళ్ళకీ ఆ కాలరుకీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

సరిగ్గా అప్పుడు చూపించాను నా సమయస్ఫూర్తి! "సార్, సార్! పేపరు మీద బూటు పెట్టకండి, మరక పడుతుంది! కాలరుదేముంది, కంప్యూటర్లో నేను సరిచేస్తాను. మీరు బయట బెంచీ మీద కూర్చోండి, పిలుస్తాను."

చిన్నాయన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ చేత్తోనే తల గోక్కుని బయటికి వెళ్ళిపోయాడు. పెద్దాయన మెడ నిటారుగా పెట్టాడు. తల్లి కళ్ళు మూసుకుంది. అప్పుడు నొక్కిన ఆ ఒక్క ఫోటోలో ఆవిడ కళ్ళు పోయాయి గానీ, వేరే ఫోటోలోవి తెచ్చి పెట్టాను లెండి.

ఫోటో ఎంత బాగా వచ్చిందంటే నాకే ముచ్చటేసింది. తల్లికి అటొకడు, ఇటొకడు. నీడలు ఒకే వైపు. కాలరు ఇస్త్రీ చేసినట్టుంది.

నాలుగు రోజులకి ఆవిడ వచ్చింది. ప్రింటు చేతికిచ్చి, "ఎక్కడ అతికించానో కనిపెట్టండి చూద్దాం!" అన్నాను గర్వంగా. ఆవిడ ఫోటో తిప్పి వెనకవైపు చూసింది. అటు తెల్లకాగితం తప్ప ఏముంటుంది?

"కుట్టు ఎలా ఉందో లోపలివైపు చూస్తేగానీ తెలియదు నాయనా. అలవాటు." మళ్ళీ ముందుకి తిప్పి చాలాసేపు చూసింది. "ఇందులోంచి నన్ను తీసెయ్యగలవా?"

"అదెంత పనమ్మా, అయిదు నిమిషాలు! కానీ మిమ్మల్నెందుకు తీయడం?"

"నన్ను తీసేసి వాళ్ళిద్దర్నీ దగ్గరికి జరుపు."

కంప్యూటరు ముందు ఆవిడకి కుర్చీ వేశాను. ఆవిడని తీసేశాను. మధ్యలో ఖాళీ మిగిలింది. కొడుకులిద్దర్నీ జరిపాను.

"ఇంకొంచెం."

జరిపాను. భుజాలు తగిలాయి.

"ఇంకా."

"ఇంకా జరిపితే చిన్నాయన పెద్దాయన వెనక్కి వెళ్ళిపోతాడమ్మా."

"వెళ్ళనీ. చిన్నప్పుడు ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా వాడు అన్న వెనకాలే దాక్కునేవాడు."

జరిపాను. అన్న భుజం వెనకనుంచి తమ్ముడి మొహం సగమే కనపడుతోంది. ఆవిడ తెర మీద ఆ సగం మొహాన్ని వేలితో ముట్టుకుంది. మురిసిపోతుందనుకుని, "ఇది కూడా ప్రింటు తీయనా?" అన్నాను.

"వద్దులే. ఇందులో వాళ్ళు నువ్వు జరిపితే జరిగారు." లేచి మొదటి ఫోటో సంచిలో పెట్టుకుంది. మెట్ల దగ్గర ఆగి, కోపం ఏమీ లేకుండా అంది, "నువ్వు పదకొండన్నావు గానీ, చిన్నాడికి పదిన్నర అని చెప్పింది నేనే నాయనా."

అందుచేత చదువరులారా, సాఫ్ట్‌వేరు వర్ధిల్లాలి! మీ ఇళ్ళల్లో మాటల్లేనివాళ్ళు ఎంతమంది ఉన్నా నిస్సంకోచంగా నా దగ్గరికి పంపండి. వేరు వేరు రోజుల్లో, వేరు వేరు వేళల్లో పంపండి. అతుకు కనపడకుండా చేసిస్తాను, పూచీ నాది. ఒకవేళ పొరపాటున ఇద్దరూ ఒకేసారి వచ్చి, అందులో ఒకడు ఇంకొకడి కాలరు సర్దడానికి చెయ్యి చాపితే మాత్రం, మీలో ఎవరైనా ఒకరు దయచేసి నా నోరు మూయించండి. పేపరు మీద మరకలు పడితే పడనివ్వండి, ఇంకో పేపరు కొనుక్కుంటాను.