పైకప్పు మీద పెద్దమనుషులు

ఆ ఉదయం డెల్బర్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, నిచ్చెనెక్కడం, తాము కాపురముండే మోటార్‌హోమ్ బండి పైకప్పు మీద గాలికిటికీ చుట్టూ ఎండిపోయిన బంక గీకి కొత్త బంక పూయడం, దిగొచ్చి మళ్లీ కాఫీ తాగడం. మధ్యాహ్నం స్ట్రౌడ్ అనే ఆయన బండి చూసుకోవడానికి వస్తాడు. కప్పు బాగుంటే కొనేస్తాడు. ఆ పైన ముసలి దంపతులిద్దరూ పోర్ట్‌లాండ్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో కాళ్లు చాపుకుని బతకొచ్చు.

"వానొస్తే చాలు, కారడానికి నా తలగడే కనిపిస్తుంది ఈ కప్పుకి. ఇంక నావల్ల కాదు, అమ్మేద్దాం," అన్నాడు బూట్లు తొడుక్కుంటూ.

భార్య నోరీన్ ఉతకాల్సిన బట్టలు బుట్టలో వేస్తోంది. ఆమె ప్రాణమంతా ఈ పాత బండిలోనే ఉంది. ఒరెగాన్ తీరంలో వానలు ముదిరేసరికి వాళ్లున్న ఈ బళ్ల శిబిరంలోనివన్నీ వరసకట్టి అరిజోనా ఎండలోకి దిగిపోతాయి, వసంతంలో తిరిగొస్తాయి. ఎవరి ఇంజను మోగినా ఆమె గుండె జారేది. మళ్లీ కలుద్దామని చెయ్యూపి వెళ్లినవాళ్లలో కొందరు కలవనేలేదు. అయినా చక్రాలున్నంతకాలం ఎక్కడో ఒకచోట తారసపడతామన్న ఆశ ఉంటుంది. మూడో అంతస్తు ఎక్కి ఎవరొస్తారు? బండి అమ్మడమంటే అందరికీ ఒక్కసారే వీడ్కోలు చెప్పడం.

ఆ మాట మొగుడితో అని లాభం లేదు. వద్దన్న పనిని రెండుసార్లు చేసే మనిషి. అందుకని ఆమె బట్టల బుట్ట చంకనెత్తుకుని శిబిరం చివరనున్న బట్టలుతికే గదికి వెళ్లింది. అక్కడ పక్కబండి ఓపల్ దుప్పటి మడతపెడుతోంది.

"ఏంటే, మొహం అలా వేలాడేశావ్?"

"ఏం లేదు. డెల్ పైకప్పెక్కాడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

ఓపల్ దుప్పటిని సగం మడతలోనే వదిలేసి గుమ్మంలోంచి మొగుణ్ణి కేకేసింది. "వెండెల్! డెల్బర్ట్ ఒక్కడే కప్పెక్కాడట!"

నోరీన్‌కు కావలసింది అదే. అక్కడి మగవాళ్లందరూ పింఛనుదార్లు. ఒకరి కప్పు కారితే అందరి పరువూ కారినట్టే. కాబట్టి పిలవకుండానే వస్తారు, ఎవరి నిచ్చెన వాళ్లు తెచ్చుకుంటారు, ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు. సాయంత్రందాకా వాదించుకుంటే చాలు, స్ట్రౌడ్ విసిగి వెళ్లిపోతాడని ఆమె లెక్క.

ఆమె తిరిగొచ్చేసరికి కప్పు మీద జాతర జరుగుతోంది.

"సిలికాన్ పూస్తున్నావటోయ్? రేపు దానిమీద ఇంకేదీ అంటుకోదు!" అన్నాడు వెండెల్.

"ఇది సిలికాన్ కాదు. కప్పుల కోసం చేసిన బంకే."

"ఏ బంకైనా దండగే. జిగురు పట్టీ వెయ్యాలి," అన్నాడు ఇంకొకాయన.

"ముందు నీళ్లెక్కడ దూరుతున్నాయో తెలుసా మీకు? కారేది ఒకచోట, దూరేది ఇంకోచోట," అంటూ ఎదురుబండి ఆర్విన్ ఆకులు ఊదే యంత్రం పట్టుకొచ్చాడు. పద్ధతి మంచిదే. కిటికీలన్నీ బిగించి, ఒక్క సందులోంచి లోపలికి గాలి ఊదాలి. కప్పు మీద కాస్త సబ్బునీళ్లు చల్లాలి. కన్నమున్నచోట బుడగ లేస్తుంది.

ఆర్విన్‌కు కాస్త అంటే ఎంతో తెలియదు. గిన్నెలు తోమే సబ్బు సీసా మొత్తం బకెట్లో ఒంపి, బకెట్ మొత్తం కప్పు మీద ఒంపాడు. యంత్రం మోగగానే లోపలున్న నోరీన్ జుట్టు గాలికి నిక్కబొడుచుకుంది, పరదాలు ఎగిరాయి. పైన నురగ మోకాళ్లదాకా లేచింది.

"బుడగ కనబడిందా?"

"ఏ బుడగోయ్? నా బూట్లే కనబడటంలేదు!"

ఒకాయన జారాడు. ఆయన్ని పట్టుకోబోయి రెండో ఆయన జారాడు. మిగతావాళ్లు స్నేహధర్మంగా జారారు. పాత చెక్క ఫెళ్లుమంది. వంటగట్టు పైన, బూటుతో సహా ఒక కాలు వేలాడింది.

"అయ్యో, ఎవరిదా కాలు?" నోరీన్ గబగబా దాని కిందికి కుర్చీ జరిపింది. ఆమె తగాదా కోరుకుంది గాని కాళ్లు విరగాలని కాదు.

ఓపల్ గుమ్మంలోంచి తొంగిచూసి, "మేజోడు నేను అల్లిందే. వెండెల్, నొప్పిగా ఉందా?" అంది.

"నొప్పి లేదుగాని చల్లగాలి తగులుతోంది," అంది పైనుంచి కాలి తాలూకు గొంతు.

సరిగ్గా అప్పుడొచ్చాడు స్ట్రౌడ్. వేలాడే కాలును చూశాడు, నురగను చూశాడు. ఇంక పారిపోతాడనుకుని నోరీన్ గుండె కుదుటపడింది. ఆయన చొక్కా చేతులు మడిచి నిచ్చెనెక్కాడు.

"చెక్క చీకిపోయింది, అంతే. పడవలు బాగుచేసుకుని బతికినవాణ్ణి, నాకిదో లెక్కా? అడిగిన ధరకే తీసుకుంటాను."

నోరీన్ మెట్టు మీద కూలబడింది. తను పిలిపించిన వాళ్లే తన ఇల్లు అమ్మించేశారు.

స్ట్రౌడ్ అక్కడితో ఆగి ఉండవలసింది. గాలికిటికీ దగ్గర వంగి, "ఈ బంక పూసిందెవరండీ? పసివాడు రొట్టెకి జామ్ పూసినట్టుంది," అని నవ్వాడు.

కప్పు మీదున్న తలలన్నీ ఆయనవైపు తిరిగాయి.

"ఏంటి దానికి వచ్చిన లోటు?" అన్నాడు పొద్దుటినుంచీ దాన్ని తిడుతున్న ఆర్విన్.

"ఇంత నున్నగా ఎవడు పూస్తాడయ్యా?" అన్నాడు ఇంకా సగం లోపలే ఉన్న వెండెల్.

డెల్బర్ట్ స్ట్రౌడ్‌కు నిచ్చెన చూపించాడు. "దిగండి. ఇది అమ్మకానికి లేదు."

చీకటి పడకముందే కన్నానికి చెక్క, దాని మీద రబ్బరు, దాని మీద తలా ఒక రకం పట్టీ పడ్డాయి. పని అయ్యీ అవగానే వాన మొదలైంది. వంటగట్టు మీద, కుర్చీల మీద, మంచం మీద, కొత్తగా దారి దొరికిన చోట్లన్నిటా చుక్కలు పడ్డాయి. చుక్కలు పట్టడానికి ఓపల్ తన గిన్నెలు కూడా పంపింది.

డెల్బర్ట్ గాలికిటికీ వైపు వేలు చూపించాడు. "చూశావా నోరీన్? నేను పూసిన చోట ఒక్క చుక్క లేదు!"

అక్కడ ఏనాడూ కారలేదన్న సంగతి అరిజోనా చేరేదాకా చెప్పకూడదని ఆమె నిశ్చయించుకుంది.