నూట పది బ్యాటరీల రేడియో కారు

"రేడియోతో నడుచు కార్ల పందెములో జపానును ఓడించుటకు మన గని సిద్ధముగా ఉన్నదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

డెబ్భై ఏడు డిసెంబరుల గోదావరిఖనిల మా గని నోటీసు బోర్డు మీద పడ్డ ముక్క ఇది. చదివితే నా ఒళ్ళు పులకరించింది. జపానుకు అప్పటికింక కబురు అందలేదు.

సంగతేందంటే, మంత్రిగారు జపాన్ పోయి మూరెడు బొమ్మకారు తెచ్చుకున్నరు. చేతిల డబ్బా పట్టుకొని మీట తిప్పితే అది తీగ లేకుండనే దూరంగ ఉరుకుతది. ముప్పై ఒకటో తారీఖు మా గ్రౌండుల దానికి పోటీగ ఒక స్వదేశీ కారు ఉరకాలని వారి కోరిక. మా మేనేజరు సారు నిలబడ్డకాడనే ఒప్పుకున్నడు. అంత ధైర్యం గల మనిషిని నేను మళ్ళ చూడలే.

బ్యాటరీ ఏది పెట్టాలె, మోటరు ఏది పెట్టాలె అని ఐదుగురితోని కమిటీ వేసిండ్రు. అండ్ల ఒక్కరు గూడ బొమ్మకారును చూసినోళ్ళు కాదు, కాబట్టి పక్షపాతం మాటే లేదు. రేడియో గురించి చర్చ రాలే, క్యాంటీన్ల ఒకటున్నది. నేను మస్టర్ క్లర్కును, హాజరు రాసేటోణ్ణి. మినిట్స్ గూడ నాతోనే రాయించిండ్రు.

ఎలక్ట్రీషియన్ రాజం లేచిండు. "సార్, తుక్కు జీపుది వైపర్ మోటరున్నది. పన్నెండు వోల్టులు. మనోళ్ళు గనిల దిగేటప్పుడు నడుముకు కట్టుకునే లాంపు బ్యాటరీలు మూడు కలిపితే సరిపోతయి. తేలికగ ఉరుకుతది."

"వైపర్ ముందుకు పోయి ఏం చేస్తది?" అన్నడు సారు.

"వెనక్కి వస్తది సార్."

"మనకు వెనక్కి వచ్చేది వద్దు. అన్నిట్ల పెద్ద మోటరేది?"

"నీళ్ళు తోడే పంపుది. ఐదు హార్స్‌పవర్. కని దానికి నాలుగు వందల నలభై వోల్టులు కావాలె."

"లాంపు బ్యాటరీకి ఎన్ని వోల్టులు?"

"నాలుగు."

"నూట పది పెట్టుండ్రి."

"ఆ కరెంటు వేరు, ఈ కరెంటు వేరు సార్."

"దేశంల కరెంటంత ఒక్కటే," అని సారు సంతకం పెట్టిండు. ఇవన్ని పట్టేసరికి మూరెడు కారు బొగ్గు టబ్బంత అయింది.

పందెం నాడు పొద్దటి షిఫ్టుల నూట పది మందికి లాంపులు లేవు. లాంపు లేనిది గనిల దిగనియ్యరు, దిగనిది మస్టరు పడదు. వాళ్ళందరిని ప్రేక్షకులుగ ప్రమోట్ చేసినం. పోశం ఒక్కడు మాత్రం నా కిటికీ కాడికొచ్చిండు.

పోశం బదిలీ ఫిల్లరు. ఎవలన్న రాకుంటే వాళ్ళ జాగల దిగి బొగ్గు నింపుతడు. ఏడాదిల నూట తొంభై మస్టర్లు పడితే పర్మినెంట్ అయితడు. నూట ఎనభై తొమ్మిది పడ్డయి. ఆ రోజు తప్పితే తెల్లారి నుంచి లెక్క మళ్ళ ఒకటితోని మొదలు.

"అంద్రెయన్నా, ఒక్క మస్టరే. నా బ్యాటరీ నాకిప్పియ్యి. ఆరేండ్ల సంది తిరుగుతున్న," అన్నడు. పాపమనిపించి సారు దగ్గరికి తోలుకపోయిన.

సారు గ్రౌండుల చెమటలు తుడుచుకుంటున్నడు. కారు ఇంచు కదలలే. మంత్రిగారు పెద్దపల్లి దాటిండ్రని ఫోనొచ్చింది. సారు పోశాన్ని కిందికెల్లి మీది దాక చూసిండు. పోశం సన్నటి మనిషి.

"ఈ కారుల పడతవా?"

"మస్టరు ఇస్తరా సార్?"

"నాది జిమ్మేదారి."

మోటరు, నూట పది బ్యాటరీలు జల్ది దించి పోశాన్ని ఎక్కించిండ్రు. కాళ్ళు భూమికి ఆనేటట్టు కింద రేకు కోసిండ్రు. కమిటీ చేసిన అన్ని పనులల్ల ఇదే శాస్త్రీయమైందని నా అభిప్రాయం.

మంత్రిగారికి ఏ కారు డబ్బా ఇయ్యాలన్నది ఇంకో ఫికర్. మన కారు డబ్బాను కార్పెంటర్ చేసిండు, మీట మంచిగనే తిరుగుతది. సారు ఆలోచించి రెండు డబ్బాలు మంత్రిగారి రెండు చేతులల్ల పెట్టిండు. ఇగ ఏది గెలిచినా గెలిచేది మంత్రిగారే.

జపాన్ కారు కంకరరాయికి తట్టి బోర్ల పడ్డది. మన కారు దగ్గుకుంట గీత దాటింది. లోపలున్నోనికి బయట కనబడదు గద, మంత్రిగారు డబ్బాలు కింద పెట్టి దండ వేయించుకుంటున్నా అది ఇంకో రెండు చుట్లు తిరిగింది.

"స్వదేశీ సిగ్నల్ బలం చూడుండ్రి," అన్నరు మంత్రిగారు. చప్పట్లు చానాసేపు కొట్టినం.

సాయంత్రం పోశం మోకాళ్ళు దోక్కపోయి వచ్చి కిటికీ కాడ నిలబడ్డడు. నేను రిజిస్టరు పట్టుకొని సారు దగ్గరికి పోయిన.

"పోశం మస్టరు సార్."

"గనిల దిగిండా?"

"లేదు సార్. కారుల ఉన్నడు."

"కారుల మనిషున్నడని రాస్తవా? మరి మంత్రిగారు నడిపిందేందంటవు?"

నిజమే. అంత దూరం నేను ఆలోచించలే.

"మరి ఎక్కడున్నడని రాయాలె సార్?"

"ఎక్కడ లేనోనికి ఏం రాస్తవో అదే రాయి," అని సారు తన పెన్ను మూత తీసి ఇచ్చిండు. 'నాగా' అని రాసిన. నా చేతిరాత ముత్యాల లెక్క ఉన్నదని సారు మెచ్చుకున్నడు.

కిటికీ కాడికి వచ్చేసరికి పోశం నవ్వుకుంట చూస్తున్నడు.

"పడ్డదా అన్నా?"