రూపవతి ఇండియా వెళ్ళిపోయిన శుక్రవారం

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నన్ను చూసి తప్పుకు తిరుగుతాయి. ఒక్క పేజీ రాయడానికి పప్పు ఉడికి చల్లారినంత సేపు పడుతుంది. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

ఆ శుక్రవారం పొద్దున రూపవతి అనుకున్నవి చాలా చిన్న పనులు. ధాత్రికి బడి లేదు కాబట్టి నెమ్మదిగా లేపి, ఉప్మా పెట్టి, తల దువ్వడం. ఆ తర్వాత పక్క వీధిలో మహీధర్ వాళ్ళింటికి వెళ్ళి, సాయంత్రం వ్రతానికి గారెలు వేసి రావడం. అంతే.

రూపవతిది కాకినాడ. భర్త పోయాక, కెనడాలో ఈ కేంబ్రిడ్జ్ ఊళ్ళో శేషగిరి, శ్యామల దంపతుల ఇంట్లో వాళ్ళ పాప ధాత్రిని చూసుకోవడానికి వర్క్ పర్మిట్ మీద వచ్చింది. ఆ పర్మిట్ శేషగిరి పేరుకు కట్టేసి ఉంటుంది. ఆ ఇంట్లో ఆ పని తప్ప మరో ఇంట్లో మరో పని చేయకూడదు. ఇప్పుడు దాని గడువు పొడిగించమని అప్లై చేసి ఉంది. అది వస్తే పీఆర్, అంటే ఎప్పటికీ ఇక్కడే ఉండిపోయే హక్కు, పీఆర్ వస్తే కాకినాడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు ఏనీ ఇక్కడికి వస్తుంది. రూపవతి ప్రార్థనలన్నీ ఆ ఒక్క వరసలోనే నడిచేవి.

పర్మిట్ సంగతి అందరికీ తెలుసు. కానీ గారెలు వేయడం పని కిందికి వస్తుందని ఆ ఊరి తెలుగువాళ్ళెవరికీ తోచలేదు. ఒకరింట్లో శుభకార్యం అయితే రెండో ఇంటివారు గ్రైండరు పంపుతారు, పెద్ద గిన్నెలు పంపుతారు. శ్యామల వాటితో పాటు రూపవతిని పంపేది. గ్రైండరూ, గిన్నెలూ, రూపవతీ ఒకే కారులో వెళ్ళి ఒకే కారులో వచ్చేవారు. రూపవతికీ అది తప్పనిపించలేదు. పిలిచిన ఇంటికి వెళ్ళడం, వెళ్ళాక నేరుగా వంటింట్లోకి నడవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు.

తొమ్మిది గంటలకు శ్యామల ఫోన్ మోగింది. శ్యామల విని, "యెస్, యెస్, ష్యూర్" అంటూనే కుర్చీలో కూలబడింది. విదేశీ పనివాళ్ళను పెట్టుకున్న ఇళ్ళను తనిఖీ చేసే ప్రభుత్వ ఆఫీసరు పదకొండింటికి వస్తున్నారు. పేరు డేవిడ్‌సన్. మొన్ననే వాయిస్ మెయిల్ పెట్టారట.

"మెయిల్ వచ్చిందా? మరి చెప్పలేదేం?" అని శేషగిరి అడిగాడు.

"డేవిడ్‌సన్ అన్న పేరు వినగానే రూపవతి గారి చర్చి వాళ్ళనుకున్నా" అని శ్యామల రూపవతి వైపు తిరిగి, "మీకు చెబుదామని మర్చిపోయానండీ" అంది.

శ్యామలను తప్పు పట్టడానికి లేదు. రూపవతి చర్చిలో డేవిడ్‌సన్‌లు ఇద్దరున్నారు, ఆమె మరిది మూడోవాడు. కెనడా ప్రభుత్వంలో కూడా ఒక డేవిడ్‌సన్ ఉంటాడని, అందులోనూ ఆడమనిషి అని, రూపవతికి కూడా ఆ రోజే తెలిసింది.

శేషగిరి వెంటనే మహీధర్‌కు ఫోన్ చేశాడు. మహీధర్‌ది హైదరాబాద్. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి చూసి చూసి కెనడా వచ్చినవాడు. ఇమ్మిగ్రేషన్ అంటే ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ అతనే దిక్కు. అక్కడి భయాన్ని సామానుతో పాటు సరిహద్దు దాటించి తెచ్చుకున్నాడు, ఇంకా విప్పి సర్దుకోలేదు.

"ఒరేయ్, డోర్ తీయకు. తీసినా ఏం చెప్పకు. చెప్పినా ఆమె మీ ఇంట్ల పని చేస్తదని మాత్రం చెప్పకు" అన్నాడు మహీధర్.

"అన్నీ లీగల్‌గానే ఉన్నాయి కదరా."

"లీగల్‌గా ఉన్నోళ్ళకే ముందు భయం. నేను జెర్సీల చూసిన. చుట్టమని చెప్పు, చూసిపోనీకి వచ్చిందని చెప్పు. నేను వస్తున్నా. పిండి కూడా తెస్తా, గారెలు అక్కడనే వేయిద్దాం."

అలా రూపవతి గంటలో శేషగిరికి పిన్ని అయింది. శ్యామల తన పట్టుచీర ఒకటి తెచ్చి ఆమెకు కట్టింది. రూపవతి చేతులు నలుపుకుంటూ, "సార్, నేను అబద్ధమాడలేనండి" అంది.

"మీరేం ఆడక్కర్లేదు ఆంటీ, మేం ఆడతాం. మీరు సోఫాలో కూర్చోండి, చాలు" అన్నాడు శేషగిరి.

రూపవతి కూర్చుంది. ఆ సోఫాను రోజూ దులిపేది, దిండ్లు నిలబెట్టేది. ఇన్నాళ్ళలో ఒక్కసారీ దాని మీద కూర్చోలేదు. కూర్చుని తలెత్తితే ఎదురుగా కిటికీలోంచి ఆకురాల్చిన చెట్ల మధ్య గ్రాండ్ నది కనిపించింది. అంచులు గడ్డకట్టి, నడుమ నల్లగా, పొగలు కక్కుతూ పారుతోంది. నిలబడి తుడిచే మనిషికి కనిపించని నది, కూర్చున్న మనిషికి కనిపిస్తోంది. ఈ ఇంటి వెనక ఇంత నది ఉందా అని రూపవతి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

వంటింట్లో మహీధర్ బ్లేజరు వేసుకుని, పిండి బకెట్టులో చేతులు పెట్టి, గారె ఎందుకు గుండ్రంగా రావడం లేదో ఆలోచిస్తున్నాడు. శ్యామల నడుముకు తువ్వాలు చుట్టుకుని కాఫీ పెడుతోంది. శేషగిరి చీపురు పట్టుకుని, ఎటు నుంచి ఊడవాలో తేల్చుకోలేక హాలు మధ్యలో నిలబడ్డాడు.

పదకొండింటికి తలుపు తట్టారు. గుమ్మంలో కోటు వేసుకున్న నడివయసు తెల్లావిడ, మెడలో గుర్తింపు కార్డు. తాను లోపలికి రావచ్చా అని అడిగి, ఇది మీ ఇల్లు కాబట్టి మీరు వద్దనవచ్చు అని కూడా చెప్పింది. వద్దంటే చాలు, మహీధర్ చెప్పిన మొదటి సలహా నెగ్గేది. కానీ ఆ చలిలో మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడటం శేషగిరి వంశంలోనే లేదు. "కమ్, కమ్, రండి, కాఫీ తీసుకుంటారా?" అన్నాడు.

డేవిడ్‌సన్ గారు బూట్లు విప్పింది. వాటిని ఇంటివాళ్ళ చెప్పుల పక్కన వరసగా పెట్టింది. ఆమె మేజోడుకు బొటనవేలి దగ్గర చిన్న కన్నముంది. ఒక దేశపు ప్రభుత్వం కన్నపు మేజోళ్ళతో లోపలికి నడిచి రావడం రూపవతి ఎప్పుడూ చూడలేదు. భయం పోలేదు గానీ, దాని పక్కన ఆశ్చర్యం కూడా వచ్చి కూర్చుంది.

శ్యామల ట్రేలో కాఫీ తెచ్చి, మొదటి కప్పు రూపవతికిచ్చి, "పిన్నిగారూ, తీసుకోండి" అంది. సాసరు మీద కప్పు, కప్పులో చెంచా. రూపవతి దాన్ని రెండు చేతులతో, చర్చిలో ప్రభురాత్రి భోజనపు రొట్టె అందుకున్నట్టు అందుకుంది. డేవిడ్‌సన్ గారు మాత్రం కాఫీ వద్దంది, మంచినీళ్ళు కూడా వద్దంది, రూలట. సోఫాలోని ఆవిడెవరని అడిగితే, తన పిన్ని అని, చూడటానికి వచ్చిందని శేషగిరి చెప్పాడు. ఆవిడ తలూపి, మరి మీ దగ్గర పనిచేస్తున్న రూపవతి ఎక్కడ అని అడిగింది.

శేషగిరి వంటింటి వైపు చూశాడు. మహీధర్ పిండి చేతులతోనే బయటికి వచ్చి, ఆమె ఇండియా వెళ్ళిపోయిందని చెప్పాడు. ఎప్పుడని అడిగితే శేషగిరి పోయిన వారం అన్నాడు, మహీధర్ పోయిన నెల అన్నాడు. ఇద్దరూ ఒకేసారి అన్నారు. డేవిడ్‌సన్ గారు రెండూ రాసుకుంది.

తాను ఇండియా వెళ్ళిపోయినట్టు రూపవతి సోఫాలో కూర్చుని, కాఫీ తాగుతూ విన్నది. ఇంగ్లీషు ఆమెకు మాట్లాడటం కష్టం గానీ వినడం బాగానే వచ్చు. ఆ తర్వాత ఆవిడ చెప్పిన మాట ఇంకా బాగా అర్థమయింది. పనిమనిషే వెళ్ళిపోతే ఆ ఉద్యోగం లేనట్టే లెక్క. అలాగే రాసి పంపుతాను, పొడిగింపు దరఖాస్తు ఇక ముందుకు సాగదు అని. కప్పులో చెంచా టకటకలాడింది. ఏనీ హాస్టలు గది, ఏనీ పుస్తకాల సంచి, ఏనీ రావలసిన విమానం, అన్నీ ఆ టకటకలో కదిలిపోతున్నట్టు అనిపించింది. పోనీ లేచి చెబుదామంటే, అన్నం పెట్టిన ఇంటివాళ్ళు అబద్ధాలకోర్లవుతారు.

అప్పుడే మహీధర్ జేబులో ఫోన్ మోగింది. చేతులకు పిండి. శ్యామల ఫోను తీసి, కంగారులో స్పీకరు నొక్కింది. మహీధర్ భార్య విద్య గొంతు హాలంతా పరుచుకుంది.

"ఏమండీ, గారెలెంతవరకు వచ్చాయి? వడ్డనకు కూడా రూపవతి గారుంటే బాగుంటుందని అత్తయ్య అంటున్నారు. శ్యామలనడిగి రాత్రి దాకా మన దగ్గరే ఉంచేసుకోండి."

మాటలన్నీ తెలుగే కాబట్టి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ధాత్రి అక్కడే నేల మీద బొమ్మలు గీసుకుంటోంది. బళ్ళో ఇంగ్లీషు రాని కొత్త పిల్లలకు మాటలు అటూ ఇటూ చేర్చి టీచరు చేత స్టిక్కర్లు కొట్టేసే పిల్ల. తలెత్తకుండానే ఆ ఫోను సంగతంతా ఇంగ్లీషులోకి మార్చి ఆఫీసరుకు అందించింది, రూప ఆంటీని రాత్రి దాకా ఉంచుకుంటారన్న ముక్కతో సహా.

రూప ఆంటీ ఎవరని డేవిడ్‌సన్ గారు అడిగింది. ధాత్రి రంగు పెన్సిలుతో సోఫా వైపు చూపించింది.

పిల్లలు ఏవో ఊహించుకుంటారని శేషగిరి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. డేవిడ్‌సన్ గారు అతన్ని చూడలేదు. సోఫా దగ్గరికి వచ్చి, రూపవతితో కళ్ళు కలిసేలా కొంచెం వంగి, మీ పేరేమిటని అడిగింది.

రూపవతి కప్పు కింద పెట్టి లేచి నిలబడింది. "ఐ యామ్ రూపవతి, మేడమ్. ఐ వర్క్ హియర్. ఐ డిడ్ నాట్ గో టు ఇండియా."

డేవిడ్‌సన్ గారు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మిగిలిన ముగ్గురూ హాల్లో, ఆపరేషన్ గది బయట చుట్టాల్లా నిలబడ్డారు.

లోపల రూపవతి బేడీల కోసం ఎదురు చూసింది. ప్రశ్నలు వచ్చాయి. నీ గదికి లోపల గడియ ఉందా. రాత్రి నిద్ర పోనిస్తారా. జీతం నీ బ్యాంకులోనే పడుతోందా. ఎవరైనా నీ మీద కేకలేస్తారా. నీ పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది. ఇంత మంచు కురిసే ఇంత పెద్ద దేశం, ఒక మనిషికి కారిచ్చి, కాగితాలిచ్చి, నువ్వు నిద్రపోతున్నావా అని కాకినాడ రూపవతిని అడగడానికి పంపించింది. మొగుడు బతికున్న రోజుల్లో కూడా ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. కొంగుతో తుడుచుకోబోయి, చీర శ్యామలదని గుర్తొచ్చి, చేత్తో తుడుచుకుంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గడియ ఉంది. జీతం పడుతోంది. ఎవరూ కేకలెయ్యరు. పాస్‌పోర్ట్ భద్రంగా ఉంటుందని శ్యామల గారి లాకర్లో ఉంది. గారెలకు వేరే ఇళ్ళకు పంపుతారు, గ్రైండరుతో పాటు. వారానికి ఒక రోజు సెలవుందా అంటే, ఆదివారం చర్చికి వెళ్తానంది. వెళ్ళే ముందు వంట, వచ్చాక గిన్నెలు. మరి సెలవు ఎంతసేపని ఆవిడ మళ్ళీ అడిగింది.

రూపవతి ఆలోచించి, "ప్రేయర్ టైమ్, మేడమ్" అంది.

డేవిడ్‌సన్ గారు కలం ఆపి ఆమెను ఒక్క క్షణం చూసి, మళ్ళీ రాసుకుంది.

బయటికి రాగానే శేషగిరి ఎదురెళ్ళి, ఏం జరిగినా తనదే బాధ్యత అని, రూపవతిని మాత్రం ఇబ్బంది పెట్టవద్దని బతిమాలాడు. మనిషి మంచివాడే. డేవిడ్‌సన్ గారు నెమ్మదిగా చెప్పింది. ఈ తనిఖీ రూపవతి మీద కాదు. ఆమెను పనిలో పెట్టుకున్న వాళ్ళ మీద. ఆమె కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి, ఉద్యోగం నిజమేనని రాస్తాను. సరిగా లేనిది మీరు.

పాస్‌పోర్ట్ ఇప్పుడే ఆమె చేతికివ్వాలి. ఇతరుల ఇళ్ళకు పంపకూడదు. వారానికి ఒక పూర్తి రోజు, పొద్దుటి నుంచి రాత్రి దాకా, ఆమెది ఆమెకే. అబద్ధం చెప్పినందుకు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి, మళ్ళీ తనిఖీకి వస్తారు, అప్పుడూ ఇలాగే ఉంటే ఈ ఇంట్లో ఇక ఎవరినీ పనికి పెట్టుకోనివ్వరు. పోతూ పోతూ రూపవతికి ఒక కార్డు ఇచ్చి, ఇక్కడ బాగా చూడకపోతే మరోచోటికి మారే దారులున్నాయి, ఫోన్ చెయ్యమంది. శ్యామల ముఖం తెల్లబోయింది.

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి మహీధర్‌ను వేలితో పిలిచింది. మహీధర్ పిండి చేతులతోనే జేబులోంచి పీఆర్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాత అమెరికా వీసా కాగితాలు, అన్నీ తీసి చాచాడు. ఆవిడ వాటిని చూడలేదు. దారికి అడ్డంగా ఉన్న అతని కారు కొంచెం తీయమంది.

తలుపు మూసుకున్నాక శ్యామల పాస్‌పోర్ట్ తెచ్చి రూపవతి చేతిలో పెట్టి, "మీరు మారిపోతారా రూపవతి గారూ?" అని అడిగింది.

రూపవతి మళ్ళీ సోఫాలో కూర్చుంది. నది వైపు ఇంకొకసారి చూసింది. "కాఫీ చల్లారిపోయిందండి. ఇంకొకటి పెడితే, తాగి ఆలోచిస్తాను" అంది.

మంచు కరిగేలోపు పొడిగింపు వచ్చింది, పీఆర్ ఫైలు కూడా కదిలింది. ఏనీ సూట్‌కేసు కొనుక్కుంది. రూపవతి అక్కడే ఉండిపోయింది, ఆదివారాలు మాత్రం పొయ్యి వైపు కూడా చూడదు. ఇప్పుడు ఆ ఆదివారాల్లో శేషగిరి, శ్యామల, ధాత్రి, ఒక్కోసారి మహీధర్ కుటుంబంతో సహా, అందరూ రూపవతి వచ్చే మా తెలుగు చర్చిలో ముందు వరసలో కూర్చుంటున్నారు. వాళ్ళ భక్తికి పాస్టరు గారు మురిసిపోతున్నారు. ఆరాధన అయ్యాక ఇక్కడ భోజనం పెడతారు.

— కొల్లాబత్తుల సంతోషం, అరవై ఏడేళ్ళు, కేంబ్రిడ్జ్, ఒంటారియో